కొత్త కారు ఫ్యాక్టరీ నుంచి తెప్పించుకోవడం: బుకింగ్ నుంచి డెలివరీ దాకా ఏది ముందు, ఏది తర్వాత

"మీరు అడిగిన రంగు స్టాక్‌లో లేదు సర్, బుక్ చేస్తే ఫ్యాక్టరీ నుంచి తెప్పిస్తాం" అని షోరూమ్‌లో చెప్పగానే చాలామంది అక్కడే ఫోన్ తీసి డబ్బు పంపేస్తారు. ఆ తర్వాత మొదలవుతాయి ప్రశ్నలు. వెయిటింగ్ ఎందుకు పెరుగుతోంది? రేటు పెరిగితే ఎవరు కట్టాలి? ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలా? ఇలాంటి ప్రశ్నలు పదే పదే వస్తున్నాయి కాబట్టి మొత్తం పనిని వరుసలో పెట్టి రాస్తున్నాను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో సొంత వాడకానికి కారు కొనేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది.

ఒక్క నియమం మాత్రం ముందే చెప్తాను. పూర్తి డబ్బు కట్టడం, ఇన్సూరెన్స్ చేయించడం, రిజిస్ట్రేషన్‌కి ఒప్పుకోవడం, ఈ మూడూ చాసిస్ నంబరు (ఒక్కో బండికీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) తెలిసి, ఆ బండిని మీ కళ్లతో చూసిన తర్వాతే జరగాలి. కింద రాసినవన్నీ ఈ వరుస తప్పకుండా ఉండటానికే.

1. మీ ఆర్డర్ ఎలా కదులుతుందో ముందు తెలుసుకోండి

మన దగ్గర మామూలు కంపెనీల కార్లలో ఒక్కొక్కరి పేరు మీద ఒక్కో బండి తయారుకాదు. డీలర్ మీ మోడల్, వేరియంట్, రంగు కంపెనీ సిస్టంలో ఎక్కిస్తాడు. కంపెనీ నెలవారీగా ఉత్పత్తి ప్లాన్ చేసుకుని, ఏ డీలర్‌కి ఏ వేరియంట్‌లో ఎన్ని బండ్లో కేటాయిస్తుంది. బండి తయారై డీలర్ పేరున బిల్లు అయ్యాక చాసిస్ నంబరుతో లారీ ఎక్కుతుంది, డీలర్ స్టాక్‌యార్డులో దిగుతుంది. అప్పుడు దాన్ని ఒక కస్టమర్ పేరుకి అలాట్ చేస్తారు.

కాబట్టి ఆలస్యానికి దూరం కారణం కాదు. కియా కార్లు మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోనే తయారవుతాయి, హ్యుందాయ్‌వి ఎక్కువగా శ్రీపెరంబుదూర్ నుంచి, టయోటావి చాలావరకు బిడది నుంచి వస్తాయి. లారీ ప్రయాణం రోజుల్లో అయిపోతుంది. వెయిటింగ్ అంతా మీ వేరియంట్, రంగు ఉత్పత్తి ప్లాన్‌లోకి వచ్చే దాకానే. 2024 అక్టోబర్ 3న మహీంద్రా థార్ రాక్స్‌కి బుకింగ్ తెరిచిన మొదటి గంటలోనే 1,76,218 ఆర్డర్లు పడ్డాయి. అలాంటి బండికి ఏ డీలర్ దగ్గరికి వెళ్లినా క్యూ తప్పదు.

2. షోరూమ్‌కి వెళ్లే ముందు ఇంట్లో తేల్చుకోవలసినవి

వేరియంట్ మీద ఇంట్లో ఏకాభిప్రాయం రాకుండా బుక్ చేయకండి. బుక్ చేశాక వేరియంట్ మారిస్తే చాలా చోట్ల అది కొత్త ఆర్డర్ కింద లెక్క, క్యూలో మళ్లీ చివరికి పోతారు. టెస్ట్ డ్రైవ్‌కి ఇచ్చే బండి సాధారణంగా టాప్ వేరియంట్. మీరు కొనేది మధ్య వేరియంట్ అయితే అందులో ఏవి ఉండవో బ్రోషర్‌లో పెన్‌తో గుర్తు పెట్టుకోండి.

- మోడల్, ఇంధనం, గేర్‌బాక్స్, వేరియంట్ పూర్తి పేరు
- మొదటి రంగు, అది లేకపోతే సరిపెట్టుకోగల రెండో రంగు
- ఎవరి పేరు మీద, ఏ అడ్రస్‌తో రిజిస్ట్రేషన్
- పాత కారు ఇస్తున్నారా, విడిగా అమ్ముతున్నారా
- ఎన్నాళ్లు ఆగగలరు

అడ్రస్ విషయం తేలిగ్గా తీసుకోకండి. హైదరాబాద్‌లో ఉంటూ ఆధార్‌లో గుంటూరో, కాకినాడో ఉన్నవాళ్లు చాలామంది. బండి ఏ రాష్ట్రంలో నమోదవుతుందో దాన్నిబట్టి లైఫ్ ట్యాక్స్ మారుతుంది, కావలసిన కాగితాలు మారతాయి. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీ ఉద్యోగులు, ప్రభుత్వ ఉద్యోగులు, తమ రాష్ట్రంలో ఇస్తుంటే, బీహెచ్ సిరీస్ (రాష్ట్రం మారినా మార్చనక్కర్లేని నంబరు) అడగవచ్చు. అందులో పన్ను రెండేళ్లకోసారి కట్టుకోవచ్చు. ప్రైవేటు ఉద్యోగులకు కంపెనీ ఇచ్చే ఫారం 60 (అక్కడ పనిచేస్తున్నట్టు ధ్రువీకరణ) కావాలి. ఇది బుకింగ్ రోజే డీలర్‌కి చెప్పాలి. మామూలు లైఫ్ ట్యాక్స్ కట్టేశాక గుర్తొస్తే పని జటిలమవుతుంది.

పాత కారు విడిగా అమ్మేవాళ్లు దాని ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ సర్టిఫికెట్ తీసుకోండి. ఆ బోనస్ బండిది కాదు, మీది. క్లెయిమ్ లేని ఏళ్లను బట్టి కొత్త కారు సొంత డ్యామేజీ (మీ బండికే జరిగే నష్టం) ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గుతుంది.

3. కొటేషన్‌లో ఒక్కో లైనూ విడిగా అడగండి

"ఆన్ రోడ్ ఇంత అవుతుంది సర్" అని ఒకే అంకె చెప్తే అది కొటేషన్ కాదు. షోరూమ్ ముద్రతో, విడివిడి లైన్లతో కాగితం తీసుకోండి. కనీసం ఇద్దరు డీలర్ల దగ్గర తీసుకోండి. ఎక్స్-షోరూమ్ ధర (లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలపక ముందు ధర) ఇద్దరి దగ్గరా ఒకటే ఉంటుంది. తేడా అంతా దాని కింది లైన్లలోనే.

ఎక్స్-షోరూమ్: జీఎస్టీ ఇందులోనే కలిసి ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవుండి 1200 సీసీ దాటని పెట్రోల్, 1500 సీసీ దాటని డీజిల్ కార్లకు 18 శాతం, అంతకంటే పెద్దవాటికి 40 శాతం, ఎలక్ట్రిక్ కార్లకు 5 శాతం.

లైఫ్ ట్యాక్స్: రాష్ట్రం, బండి ధరను బట్టి శ్లాబు మారుతుంది. మీ పేరు మీద ఇప్పటికే కారు ఉంటే అదనంగా ఏమైనా పడుతుందా అని కూడా అడగండి. తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 దాకా ప్రకటించారు. ఎలక్ట్రిక్ కారు బుక్ చేసేవాళ్లు చూసుకోవలసింది బుకింగ్ తేదీ కాదు, బండి నమోదయ్యే తేదీ.

టీసీఎస్ (అమ్మేటప్పుడే డీలర్ వసూలు చేసే ఆదాయపు పన్ను): 10 లక్షలు దాటిన కారుకి ధరపై 1 శాతం. 12 లక్షల బండికి 12,000. ఇది ఖర్చు కాదు, మీ పాన్ మీద జమ అవుతుంది. రిటర్న్ వేసేటప్పుడు పన్నులో సర్దుకోవచ్చు, లేదా రిఫండ్ వస్తుంది. చాలామంది దీన్ని అడగడమే మర్చిపోతారు.

ఇన్సూరెన్స్: కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. సొంత డ్యామేజీ భాగం ఏడాదికి తీసుకుంటే చాలు. బయట కొనుక్కునే హక్కు మీకుంది. డీలర్ కొటేషన్, బయటి కొటేషన్ పక్కపక్కన పెట్టండి. ఐడీవీ (పాలసీలో బండికి రాసే విలువ) ఒకటే ఉండాలి, జీరో డిప్రిసియేషన్ (క్లెయిమ్‌లో విడిభాగాల తరుగు కోయకపోవడం) లాంటి యాడ్-ఆన్‌లు ఒకటే ఉండాలి. లేకపోతే తక్కువ ప్రీమియం అని మురిసిపోవడం తప్ప అది పోలికే కాదు.

హ్యాండ్లింగ్ లేదా లాజిస్టిక్స్ చార్జీలు: ఇది ప్రభుత్వానికి పోయేది కాదు. ఈ లైను కనిపిస్తే తీసేయమని అడగండి. "అందరి దగ్గరా తీసుకుంటున్నాం" అంటే, "అయితే విడిగా రసీదు ఇవ్వండి" అనండి. చాలాసార్లు ఆ మాటతోనే లైను పోతుంది.

యాక్సెసరీస్ కిట్, టెఫ్లాన్ కోటింగ్, ఎక్స్‌టెండెడ్ వారంటీ: ఏదీ తప్పనిసరి కాదు. ఇందులో ఎక్స్‌టెండెడ్ వారంటీ ఒక్కటే నేను సిఫార్సు చేస్తాను. అది కూడా బుకింగ్ రోజే కొననక్కర్లేదు.

4. బుకింగ్ ఫారం: సంతకం పెట్టే ముందు

బుకింగ్ అడ్వాన్స్ మామూలుగా 11,000, 21,000, 25,000 అలా ఉంటుంది. "50,000 కడితే క్యూలో ముందుకి తెస్తాను" అనే మాట నమ్మి పెంచకండి. డబ్బు డీలర్‌షిప్ ఖాతాకో, కంపెనీ వెబ్‌సైట్ ద్వారానో వెళ్లాలి. సేల్స్ కుర్రాడు ఎంత మంచివాడైనా అతని సొంత యూపీఐకి పంపకూడదు.

ఫారంలో ధర గురించిన నిబంధన తప్పక చదవండి. దాదాపు అన్ని కంపెనీల ఫారాల్లోనూ "డెలివరీ రోజు ఉన్న ధరే వర్తిస్తుంది" అని ఉంటుంది. అంటే డిసెంబర్‌లో బుక్ చేసి ఫిబ్రవరిలో బండి తీసుకుంటే, జనవరిలో పెరిగిన ధర మీ మీదే పడుతుంది. ఇదే నిబంధన అటు వైపు కూడా పనిచేస్తుంది. 2025 సెప్టెంబర్‌కి ముందు బుక్ చేసి, జీఎస్టీ తగ్గాక ఇన్‌వాయిస్ అయినవాళ్లకు కొత్త రేటే పడింది. డిస్కౌంట్లు కూడా ఇన్‌వాయిస్ అయిన నెల స్కీమును బట్టే ఉంటాయి.

ఫారంలో చేతిరాతతోనైనా ఇవి ఉండాలి:

- వేరియంట్ పూర్తి పేరు, రంగు పేరు ("వైట్" అని కాదు, కంపెనీ పెట్టిన పూర్తి పేరు)
- ఒప్పుకున్న డిస్కౌంట్, ఉచిత యాక్సెసరీస్, ఒక్కొక్కటీ విడిగా
- అంచనా డెలివరీ కాలం
- ఏ సంవత్సరంలో తయారైన బండి
- క్యాన్సిల్ చేస్తే ఎంత కోత, ఎన్ని రోజుల్లో వాపసు
- కంపెనీ సిస్టంలో పడిన ఆర్డర్ నంబరు

చివరిది అన్నిటికంటే ముఖ్యం. రసీదు డీలర్ ఇచ్చేది, ఆర్డర్ నంబరు కంపెనీ సిస్టంలో పుట్టేది. రసీదు ఉండి ఆర్డర్ నంబరు లేకపోతే మీరు ఇంకా క్యూలో లేనట్టే. ఒకటి రెండు రోజుల్లో కంపెనీ నుంచి మెసేజ్ రాకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీ పేరు మీద బుకింగ్ కనిపిస్తోందా అని అడగండి.

నోటి మాటగా చెప్పినవన్నీ ఆ సాయంత్రమే వాట్సాప్‌లో పెట్టండి. ఇలా రాస్తే చాలు:

"ఈరోజు మాట్లాడుకున్న ప్రకారం: ఫలానా వేరియంట్, ఫలానా రంగు. క్యాష్ డిస్కౌంట్ 20,000. మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు ఉచితం. హ్యాండ్లింగ్ చార్జీ లేదు. ఇన్సూరెన్స్ బయట తీసుకుంటాం. ఇన్‌వాయిస్‌కి ముందు యార్డులో బండి చూపిస్తారు. సరేనా అండీ, కన్ఫర్మ్ చేయగలరు."

"ఓకే సర్" అని ఒక్క జవాబు వస్తే, రెండు నెలల తర్వాత ఆ సేల్స్‌మన్ ఉద్యోగం మారినా మీ దగ్గర ఆధారం ఉంటుంది. వాళ్లు ఉద్యోగాలు మారడం చాలా మామూలు.

5. ఎదురుచూసే కాలంలో

రోజూ ఫోన్ చేస్తే ఉపయోగం లేదు. వారానికో, పది రోజులకో ఒకసారి ఒకే ప్రశ్న అడగండి: "నా ఆర్డర్‌కి అలాట్‌మెంట్ పడిందా, కంపెనీ బిల్లింగ్ అయిందా?" "వచ్చేస్తుంది సర్" అనేది జవాబు కాదు. "బిల్లింగ్ అయింది, ట్రాన్సిట్‌లో ఉంది" అనేది జవాబు. ట్రాన్సిట్‌లో ఉందంటే చాసిస్ నంబరు ఉన్నట్టే, అడగండి.

ఈ లోపు మరో డీలర్ దగ్గర మీ వేరియంట్ సిద్ధంగా ఉందని తెలిస్తే, ముందు ఆ బండి తయారీ నెల అడగండి. ఎవరో క్యాన్సిల్ చేసిన కొత్త బండి అయితే మంచి అవకాశమే. ఆరేడు నెలలుగా యార్డులో నిలబడిన బండి అయితే తగినంత డిస్కౌంట్ లేకుండా వద్దు.

ముహూర్తం చూసుకునేవాళ్లకు ఒక మాట. దసరా, ధనత్రయోదశి, ఉగాదికి షోరూమ్‌లో ఒకే రోజు వరసగా డెలివరీలు ఉంటాయి, ఎవరికీ తీరిక ఉండదు. ఆషాఢంలో, మూఢంలో చాలామంది డెలివరీ తీసుకోరు కాబట్టి అప్పుడు బేరానికీ, బండి తనిఖీకీ సమయం దొరుకుతుంది. పట్టింపు ఉంటే చెకింగ్, కాగితాల పని ముందే పూర్తిచేసి, తాళాలు మాత్రం మంచి రోజున తీసుకోండి.

6. లోన్: మంజూరు ముందు, విడుదల తర్వాత

బుక్ చేసిన వారంలోనే లోన్ మంజూరు చేయించుకోవచ్చు, కానీ డబ్బు విడుదల చేయించకండి. విడుదలైన రోజు నుంచే వడ్డీ లెక్క. బండి ఫ్యాక్టరీలో ఉండగా ఈఎంఐ కట్టే పరిస్థితి ఇలాగే వస్తుంది. మంజూరు పత్రానికి గడువు ఉంటుంది, వెయిటింగ్ ఎక్కువైతే మళ్లీ చేయించాలి.

డీలర్ చూపించే బ్యాంకుతో పాటు మీ జీతం పడే బ్యాంకులో కూడా అడగండి. వడ్డీ రేటు, ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే పడే చార్జీ, లోన్‌లో కలిపేసిన ఇన్సూరెన్స్ పాలసీ ఏమైనా ఉందా, ఈ నాలుగూ చూడండి. నగదు గురించి కూడా: ఒక కొనుగోలుకి 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. కారు కొనేటప్పుడు పాన్ అడుగుతారు, సిద్ధంగా ఉంచుకోండి.

7. చాసిస్ నంబరు వచ్చింది. ఇప్పుడు ఆగి చదవండి

చాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. చాలా కంపెనీల్లో పదో స్థానం తయారీ సంవత్సరాన్ని చెప్తుంది: ఆర్ ఉంటే 2024, ఎస్ ఉంటే 2025, టి ఉంటే 2026. నెల సంకేతం కంపెనీకి కంపెనీకి మారుతుంది, డీలర్‌నే రాసివ్వమనండి. తర్వాత వచ్చే ఫారం 21లో (డీలర్ ఇచ్చే అమ్మకపు పత్రం) తయారీ నెల, సంవత్సరం అచ్చయి ఉంటాయి, అక్కడ సరిచూసుకోవచ్చు.

సంవత్సరం ఎందుకంత ముఖ్యమంటే, డిసెంబర్‌లో తయారైన బండిని జనవరిలో కొన్నా ఆర్సీలో తయారీ పాత ఏడాదిదే ఉంటుంది. అమ్మేటప్పుడు కొనేవాడు మొదట చూసేది అదే. పాత ఏడాది బండి తీసుకోవడం తప్పేమీ కాదు, కానీ దానికి తగ్గ డిస్కౌంట్ తీసుకుని తెలిసి తీసుకోవాలి.

8. యార్డులో తనిఖీ: పగలు, వర్షం లేనప్పుడు

ఇది రిజిస్ట్రేషన్‌కి ముందే జరగాలి. మీ పేరు మీద ఇన్సూరెన్స్, టెంపరరీ రిజిస్ట్రేషన్ అయ్యాక లోపం కనబడితే "రిపేర్ చేసిస్తాం సర్" అంటారే తప్ప బండి మార్చరు. "యార్డుకి కస్టమర్లను రానివ్వం" అంటే బండిని షోరూమ్‌కి తెప్పించమనండి.

కడిగిన బండి కావాలి, తడి బండి కాదు. నీళ్ల చుక్కల కింద గీతలు కనబడవు.

- చాసిస్ నంబరు: బండి మీద ఉన్నదీ, కాగితంలో ఉన్నదీ అక్షరం అక్షరం ఒకటేనా
- ఓడోమీటర్: పదుల్లో ఉంటే సరే, వందల్లో ఉంటే ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలి
- పెయింట్: ఎండలో పక్క నుంచి వంగి చూడండి, ఒక ప్యానెల్ రంగు వేరుగా ఉందా
- బోనెట్, తలుపుల బోల్టులు: రంగు చెదిరి ఉంటే విప్పి బిగించినట్టు
- తలుపులు, డిక్కీ సందులు రెండు వైపులా సమానంగా ఉన్నాయా
- అద్దాలన్నీ ఒకే కంపెనీవా
- బోనెట్ కింద వైర్లు: యార్డుల్లో ఎలుకల బెడద ఎక్కువ
- కింద తుప్పు, ఆయిల్ చెమ్మ
- ఏసీ, పవర్ విండోలు, వైపర్లు, హారన్, అన్ని లైట్లు, కెమెరా, టచ్ స్క్రీన్
- స్టెపినీ, జాకీ, పానా, రెండో తాళం

టైరు దగ్గర కూర్చుని కొంచెం సమయం పెట్టండి. పక్క గోడ మీద చిన్న దీర్ఘవృత్తంలో నాలుగు అంకెలు ఉంటాయి. 2625 అని ఉంటే 2025వ సంవత్సరం 26వ వారంలో తయారైందని అర్థం. నాలుగు టైర్లూ దాదాపు ఒకే కాలానివై ఉండాలి, బండి తయారీ నెలకి కొద్దిగా ముందువై ఉండాలి. బండి తయారైన నెల కంటే ఒక టైరు తర్వాతి నెలల్లో తయారైందంటే ఎక్కడో మార్చినట్టే. అడగవలసిందే.

చిన్న గీతకి బండి వద్దనడం అనవసరం. ఫొటో తీసి, "డెలివరీకి ముందు సరిచేసి ఇస్తాం" అని రాయించుకోండి. ప్యానెల్‌కి మళ్లీ పెయింట్ వేసిన ఆనవాలు, చాసిస్ నంబరులో తేడా, వివరణ లేని కిలోమీటర్లు, ఈ మూడింటిలో ఏది ఉన్నా ఇంకో బండి అడగండి.

9. డబ్బు, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్

బండి నచ్చాక వరుస ఇది: లోన్ విడుదల, మిగతా డబ్బు బ్యాంకు ద్వారా చెల్లింపు, ఇన్‌వాయిస్, ఇన్సూరెన్స్, లైఫ్ ట్యాక్స్, టెంపరరీ రిజిస్ట్రేషన్. ఇన్సూరెన్స్ బయట తీసుకుంటుంటే చాసిస్, ఇంజిన్ నంబర్ల ఫొటో నుంచి చూసి ఎక్కించండి, ఫోన్‌లో విని కాదు. ఒక్క అక్షరం తప్పు పడినా క్లెయిమ్ రోజున ఇబ్బంది.

ఫ్యాన్సీ నంబరు, లేదా కూడితే తొమ్మిది వచ్చే నంబరు కావాలనుకుంటే ఆ సంగతి శాశ్వత నంబరు కేటాయించక ముందే డీలర్‌కి చెప్పి, రవాణా శాఖ ఆన్‌లైన్‌లో రిజర్వ్ చేసుకోవాలి.

10. డెలివరీ రోజు

పూజారి గారు, నిమ్మకాయలు, ఇంటిల్లిపాదీ ఉండే రోజు ఇది. తనిఖీ ఈ రోజుకి మిగల్చకండి. చేతికి తీసుకోవలసినవి మాత్రం ఎవరో ఒకరు లెక్కపెట్టుకోవాలి:

- ట్యాక్స్ ఇన్‌వాయిస్, చెల్లించిన ప్రతి మొత్తానికీ రసీదు
- ఫారం 21, ఫారం 22 (బండి నిబంధనల ప్రకారం ఉందని కంపెనీ ఇచ్చే పత్రం)
- ఇన్సూరెన్స్ పాలసీ, టెంపరరీ రిజిస్ట్రేషన్ కాపీ, లైఫ్ ట్యాక్స్ రసీదు
- వారంటీ, సర్వీస్ పుస్తకం
- రెండు తాళాలు
- ఫాస్టాగ్, అది ఏ బ్యాంకుది, ఏ ఫోన్ నంబరుకి ముడిపడింది
- హై సెక్యూరిటీ నంబరు ప్లేట్ ఎప్పుడు బిగిస్తారో తేదీ

పెట్రోల్ బంకు దాకా సరిపడా ఇంధనం ఉందో లేదో చూసుకుని బయల్దేరండి.

11. తరచూ వచ్చే చిక్కులు, వాటికి విరుగుడు

"మీ బండి వేరేవాళ్లకి వెళ్లిపోయింది." ఆర్డర్ నంబరు, అలాట్ అయిన చాసిస్ నంబరు మీ దగ్గర ఉంటే సేల్స్ మేనేజర్‌కి మెయిల్ రాయండి, కంపెనీ కస్టమర్ కేర్‌ని కాపీలో పెట్టండి. తర్వాతి బండి తేదీ రాతపూర్వకంగా అడగండి.

"ఇన్సూరెన్స్ మా దగ్గర తీసుకోకపోతే డిస్కౌంట్ లేదు." కంపెనీ స్కీము డిస్కౌంట్‌కీ ఇన్సూరెన్స్‌కీ సంబంధం లేదు. డీలర్ తన లాభంలోంచి ఇచ్చేది మాత్రం అతని ఇష్టం. రెండింటినీ విడదీసి రాయమనండి, ఆపైన మొత్తం మీద ఏది చౌకో లెక్క వేసుకోండి. ఒక్కోసారి డీలర్ ప్యాకేజే లాభం అవుతుంది.

"ఆ రంగు ఆగిపోయింది, ఇది తీసుకోండి." మీరు రాసిచ్చిన రెండో రంగు అయితే సరే. కాకపోతే అడ్వాన్స్ పూర్తిగా వాపసు అడగండి, మార్పు వాళ్ల వైపు నుంచి వచ్చింది కాబట్టి కోతకి ఒప్పుకోకండి.

"మీ పేరు మీద టీఆర్ (టెంపరరీ రిజిస్ట్రేషన్) అయిపోయింది, బండి ఇప్పుడు చూసుకోండి." వాట్సాప్‌లో ముందే రాసుకున్న "ఇన్‌వాయిస్‌కి ముందు బండి చూపిస్తారు" అన్న లైను ఇక్కడ పనికొస్తుంది. తనిఖీ అయ్యే దాకా డెలివరీ తీసుకున్నట్టు సంతకం పెట్టకండి.

అడ్వాన్స్ వాపసు ఇవ్వకుండా తిప్పుతుంటే: ముందు డీలర్‌కి రాతపూర్వకంగా గడువు ఇవ్వండి, తర్వాత కంపెనీకి రాయండి, ఆపైన జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు అయితే కేసు అక్కడే వేయవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు. బుకింగ్ ఫారం, రసీదు, ఆర్డర్ నంబరు, ఆ వాట్సాప్ మెసేజ్, ఈ నాలుగూ ఫిర్యాదుకి జతచేయండి.